తాళం బొమ్మ మాహాత్మ్యం

ఏలూరు నుంచి ఆకివీడు దాకా, తాడేపల్లిగూడెం నుంచి కైకలూరు దాకా సాఫ్ట్‌వేర్ కొనని వ్యాపారం ఇవాళ లేదు. రైస్ మిల్లుకి ఒకటి, గూడెంలో ఉల్లి కమీషన్ కొట్టుకి ఒకటి, చేపల మేత డీలరుకి ఒకటి, తివాచీలు ఎగుమతి చేసే ఏలూరు షావుకారుకి ఒకటి, ఇంజనీరింగ్ కాలేజీ ఫీజులకి ఒకటి, నర్సింగ్ హోమ్ రిపోర్టులకి ఒకటి. అన్నీ బ్రౌజర్‌లో తెరుచుకునేవే. అమ్మడానికి హైదరాబాద్ నుంచి టక్కు చేసుకున్న కుర్రాడొకడు దిగుతాడు. లెక్కలు చూపిస్తాడు, స్టాకు చూపిస్తాడు, రంగురంగుల గ్రాఫులు చూపిస్తాడు. అంతా చూశాక యజమాని గొంతు సవరించుకుని అసలు మాట అడుగుతాడు: "మరి మా లెక్కలు ఎవడూ కొట్టెయ్యడు కదా బాబూ?" కుర్రాడు వాదన పెట్టుకోడు. బ్రోచర్ చివరి పేజీ తిప్పి, బంగారు రంగులో అచ్చేసిన తాళం బొమ్మ చూపిస్తాడు. "256 బిట్ ఎన్‌క్రిప్షన్ అండీ. బ్యాంకులు వాడేది ఇదే." అంతే. చెక్కు చిరుగుతుంది. కాఫీలు వస్తాయి.

ఇంత చవగ్గా అభయమిచ్చే దేవుణ్ణి మన డెల్టా ఇదివరకెన్నడూ చూడలేదు. నిజానికి ఆ బొమ్మ మీద నాకు కోపమేమీ లేదు. "ఎస్ఎస్ఎల్ వేశాం కాబట్టి మీ డేటా భద్రం" అంటారే, అందులో "వేశాం" అన్నంతవరకు నిజమే కావచ్చు. నా పేచీ అంతా ఆ "కాబట్టి"తోనే.

కొల్లేటి చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె ట్రేల్లో ఐసు కప్పుకుని లారీలెక్కి హౌరాకీ గువాహటికీ పోతుంటాయి. ఆ లారీకి ఎవరూ విప్పలేని సీలు వేశారనుకోండి. దారిలో ఎవడూ చేప లాగలేడు, ఇంకోటి దూర్చలేడు, లోపలున్నదేమిటో చూడనూ లేడు. ఎన్‌క్రిప్షన్ చేసే ఉపకారం సరిగ్గా అంత. ఎక్కించేటప్పటికే సరుకు మెత్తబడిందా అన్నది సీలుకి పట్టదు. దించాక ట్రేలన్నీ నడిబజార్లో విప్పి పారేసినా సీలుకి పట్టదు. మీ బ్రౌజర్ నుంచి వాళ్ళ సర్వర్ దాకా ఉన్న దారే దాని రాజ్యం. సీలు చూసి చేప తాజాదని కొనే వ్యాపారిని కైకలూరులో నాకు ఒక్కణ్ణి చూపించండి. మొప్ప ఎత్తి రంగు చూడందే చెయ్యి జేబులోకి పోనివ్వని ఆ మనిషే, సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి సీలు చూసి సంతకం పెట్టేస్తాడు.

ముందు ఖరీదు సంగతి. దారికి ఈ సీలు వేసే ఎస్ఎస్ఎల్ పద్ధతిని నెట్‌స్కేప్ కంపెనీ 1995లో బయటికి తెచ్చింది. 1996లో వచ్చిన దాని మూడో రూపాన్ని కూడా, లోపాల పుట్ట, ఇక వాడొద్దని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2015లో తేల్చేసింది. ఇప్పుడు నడుస్తున్నది దాని వారసుడు టీఎల్ఎస్. అది 2018 నాటి 1.3 రూపం దాకా వచ్చింది. బిల్లులో మాత్రం "ఎస్ఎస్ఎల్ చార్జీలు" అన్న వరస చెక్కుచెదరలేదు. ఆ సీలుకి కావలసిన సర్టిఫికెట్లని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 డిసెంబరు నుంచి అడిగినవాడికల్లా ఇస్తూనే ఉంది. అక్కడ ధర సున్నా. ఆ సున్నాకి ముందు ఏ అంకె చేర్చాలన్నది అమ్మేవాడి గుండె ధైర్యాన్ని బట్టి ఉంటుంది. డబ్బిచ్చి కొనే సర్టిఫికెట్లూ ఉన్నాయి, సంస్థ కాగితాలు పరిశీలించి ఇచ్చేవి. ఎన్‌క్రిప్షన్ మటుకు ఉచితందానిలోనూ ఖరీదైనదానిలోనూ ఒకటే. పైగా ఉచిత సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు చూసేది ఒక్కటే విషయం: ఈ వెబ్ అడ్రసు నీ చేతిలో ఉందా లేదా అని. నువ్వు నిజాయితీపరుడివా, నీ సాఫ్ట్‌వేర్ పనికొస్తుందా, నీ ఉద్యోగులు నమ్మకస్తులా అని వాళ్ళు అడగరు. అడుగుతామని వాళ్ళు ఎక్కడా చెప్పుకోలేదు కూడా. వాళ్ళ తరపున ఆ మాట చెబుతున్నది మన బ్రోచర్లే.

ఇక ప్రతిష్ఠాపన తంతు చూద్దాం. సర్టిఫికెట్‌కి ఒక జంట ఉంటుంది, ప్రైవేట్ కీ. అది పుట్టిన సర్వర్ దాటి బయట అడుగుపెట్టకూడదన్నది ఈ విద్యలో మొదటి పాఠం. సర్టిఫికెట్ పదిమందికీ చూపించుకోవచ్చు. కీ ఎవడి చేతిలో పడితే వాడే మీరు. మన దగ్గర ఆ కీ పుట్టేదే కుర్రాడి ల్యాప్‌టాప్‌లో. అక్కణ్ణుంచి మెయిల్‌లో మేనేజరుకి, మేనేజరు నుంచి వాట్సాప్‌లో మిల్లు గుమాస్తాకి, గుమాస్తా నుంచి "మనకి తెలిసినబ్బాయి" ఒకడికి. ఫైలు పేరు "ఎస్ఎస్ఎల్ ఫైనల్ కొత్తది 2". మూడేళ్ళ తర్వాత ఆ గ్రూపులో వెనక్కి వెళ్ళి చూడండి, సంక్రాంతి కోడిపందెం వీడియోకీ ఎవరింటిదో పెళ్ళి శుభలేఖకీ మధ్య పదిలంగా ఉంటుంది. ఇంకా పొదుపరులున్నారు. ఒకే కీ, ఒకే సర్టిఫికెట్ తీసుకుని ఖాతాదారులందరి సర్వర్లలోనూ అదే పెట్టేస్తారు. ఆకివీడులో ఒక సర్వర్‌లోంచి కీ జారిపోతే భీమవరంలో, నూజివీడులో అందరి గుట్టూ ఒకేసారి జారుతుంది. సామూహిక వివాహాల్లాగా ఖర్చు కలిసొస్తుందని వాళ్ళ లెక్క.

పెద్ద సాఫ్ట్‌వేర్లలో చాలా భాగం జావా మీద నడుస్తాయి. నమ్మదగ్గ సర్టిఫికెట్లు దాచుకునే తన పెట్టెకి జావా చాలా ఏళ్ళపాటు పుట్టుకతోనే ఒక పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చింది. ఆ పాస్‌వర్డ్ ఏమిటో తెలుసా? "చేంజ్ఇట్". నాయనా, దయచేసి నన్ను మార్చు అని అది తయారైన రోజు నుంచీ చేతులు జోడించి వేడుకుంటోంది. దాని పుస్తకాల్లో ఉదాహరణగా రాసిన చోటల్లా అదే మాట ఉంటుంది కాబట్టి, మనవాళ్ళు తమ సొంత కీ దాచే పెట్టెకి కూడా అదే పెడతారు. దాని మొర ఆలకించిన పుణ్యాత్ముడు దొరకడం కష్టం.

ఆఫీసు లోపలి సర్వర్ల కథ వేరు. 192.168తో మొదలయ్యే అడ్రసుకి బయటి సంస్థలేవీ సర్టిఫికెట్ ఇవ్వవు. అందుకని మనవాడు తనకి తానే రాసుకుంటాడు. దరఖాస్తుదారు తనే, పరిశీలించిన అధికారి తనే, ముద్ర వేసిందీ తనే. బ్రౌజర్‌కి ఈ ఏర్పాటు నచ్చదు, ఎర్రటి హెచ్చరిక చూపించి అడ్డం పడుకుంటుంది. దీనికి తిన్నని మార్గం ఉంది. సంస్థ తన సొంత మూల సర్టిఫికెట్ ఒకటి తయారుచేసుకుని, దాన్ని ఆఫీసులోని ప్రతి కంప్యూటర్‌లోనూ నమ్మకస్తుల జాబితాలో చేర్చాలి. పెద్ద పనేమీ కాదు. కానీ అంతకన్నా చిన్న పని ఇంకోటి ఉంది కదా. మానిటర్ అంచున ఒక చీటీ అంటిస్తారు: "ఎర్ర బొమ్మ వచ్చిన భయపడరాదు. అడ్వాన్స్‌డ్ నొక్కి, కిందనున్న ప్రొసీడ్ నొక్కవలెను."

ఆ గుమాస్తాకి ఉద్యోగం మొత్తంలో దొరికిన ఏకైక సైబర్ భద్రతా శిక్షణ ఆ చీటీయే. ప్రమాదాన్ని గుర్తుపట్టడం కాదు, హెచ్చరికని దాటిపోవడం అందులోని పాఠం. రోజుకి ఎన్నిసార్లు లాగిన్ అయితే అన్నిసార్లు అభ్యాసం. రేపు నిజంగానే ఎవడో మధ్యలో దూరి దొంగ సర్వర్ చూపిస్తే బ్రౌజర్ అదే ఎర్ర తెర వేసి అరుస్తుంది. మనవాడు టీ గ్లాసు కూడా కింద పెట్టకుండా అదే వేగంతో ప్రొసీడ్ కొడతాడు. పైసా జీతం ఇవ్వకుండా దొంగలు తర్ఫీదు చేయించుకున్న మనిషి వాడు.

మొబైల్ యాప్‌ల దగ్గర ఈ శిక్షణ కూడా అక్కర్లేదు. అక్కడ సంభాషణ ఇలా సాగుతుంది.

"టెస్టింగ్‌లో సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చింది సార్."

"మరేం చేశారు?"

"చెకింగ్ తీసేశాం సార్. ఎర్రర్ పోయింది."

ఎర్రర్ పోయిన మాట నిజం. ఎన్‌క్రిప్షనూ ఉంది. అవతల ఉన్నది మన సర్వరేనా అని చూసుకోవడం ఒక్కటే మానేశారు. రహస్యం చెప్పడం పరమ గోప్యంగానే చెబుతున్నారు, ఎవరి చెవిలో చెబుతున్నారన్నది మాత్రం దైవాధీనం. టెస్టింగ్ కోసం తీసిన ఆ చెకింగ్ మళ్ళీ పెట్టాలని ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే పెట్టకపోయినా యాప్ చక్కగా పనిచేస్తుంది. భద్రతలో లోపాలకి ఉన్న పెద్ద సుగుణం అదే: అవి ఎవరి పనికీ అడ్డురావు.

మరి సర్వర్ గడప దాటాక? ప్రెజెంటేషన్ బొమ్మలో ఇంటర్నెట్ మేఘానికీ ముందువరస యంత్రానికీ మధ్య తాళం గీసి ఉంటుంది. ఆ యంత్రాన్ని లోడ్ బ్యాలెన్సర్ అంటారు. ఎన్‌క్రిప్షన్ ముడి అక్కడ విప్పేస్తారు. అక్కణ్ణుంచి అప్లికేషన్‌కి, అప్లికేషన్ నుంచి డేటాబేస్‌కి మీ లెక్కలు మామూలు అక్షరాల్లో ఊరేగుతూ పోతాయి. అదేమిటయ్యా అంటే, "లోపలంతా మనవాళ్ళే కదండీ" అంటాడు కుర్రాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని సామెత పుట్టించిన జాతి మనది. ఈశ్వరుడి వల్ల కానిది లోడ్ బ్యాలెన్సర్ వల్ల అవుతుందని నమ్ముతున్నదీ మనమే.

సర్టిఫికెట్‌కి ఆయుష్షు కూడా ఉంటుంది. 2020 సెప్టెంబరు 1 నుంచి గరిష్ఠంగా 398 రోజులు. బ్రౌజర్ కంపెనీలూ సర్టిఫికెట్ సంస్థలూ కలిసి 2025 ఏప్రిల్‌లో ఇంకో నిర్ణయం చేశాయి. దాని ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47 రోజులు. గడువు మరిచిపోతే ఏమవుతుందో పెద్దవాళ్ళు మనకి చేసి చూపించారు. 2018 డిసెంబరు 6న ఎరిక్సన్ పరికరాల్లోని సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరి, బ్రిటన్‌లో ఓటూ నెట్‌వర్కు మీదున్న కోట్ల ఫోన్లలో డేటా ఆగిపోయింది. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ మూగబోయింది, కారణం అదే. అంతటివాళ్ళకే తప్పలేదు కదా అని మనవాళ్ళకి ఎక్కడలేని ఊరట.

మన దగ్గర గడువు గుర్తుచేసే మెయిల్ మొదట్లో దాన్ని పెట్టిన కుర్రాడికి వెళుతుంది. ఆ కుర్రాడు ఎక్కువ జీతానికి బెంగళూరు వెళ్ళిపోయి చాన్నాళ్ళయింది. తేదీ దాటిపోతుంది. ధాన్యం లోడుతో వచ్చిన రైతుకీ ఫీజు కట్టడానికొచ్చిన తండ్రికీ కౌంటర్ అవతల నుంచి రెండు ముక్కలు వినబడతాయి: "సర్వర్ డౌన్." గడువు తీరిందంటే ఎవరో ఒకరు మరిచిపోయినట్టు. సర్వర్ డౌన్ అంటే తుపాను లాంటిది, ఎవరిమీదా కేసుండదు. ఈ గొడవ లేకుండా గడువుకి ముందే దానంతటదే కొత్త సర్టిఫికెట్ తెచ్చుకునే పద్ధతి లెట్స్ ఎన్‌క్రిప్ట్‌తో పాటే వచ్చింది, అదీ ఉచితమే. కానీ అది పెట్టేస్తే "రెన్యువల్ చార్జీలు" అనే వరస బిల్లులోంచి ఎగిరిపోతుంది. 47 రోజుల గడువంటే ఏడాదికి సుమారు ఎనిమిది రెన్యువళ్ళు. ఆ లెక్క వేసుకుని ఇప్పటి నుంచే పొంగిపోతున్నవాళ్ళు ఉంటే నేనేమీ ఆశ్చర్యపోను.

సరే, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళయినా మచ్చలేనివాళ్ళా? నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థలోకి 2011లో దొంగలు చొరబడి గూగుల్ పేరున సర్టిఫికెట్ రాసేసుకున్నారు. ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ళ మీద దాన్ని ప్రయోగించారు. ఆ సెప్టెంబరులోనే డిజినోటార్ దివాలా తీసింది. ఎక్కడో విదేశాల్లో అనుకోవద్దు. 2014 జులై 2న గూగుల్ తాను అడగని సర్టిఫికెట్లు తన పేరున ఉన్నట్టు మళ్ళీ పట్టుకుంది. ఈసారి వాటి మీదున్న ముద్ర సందుగొందుల్లోని దుకాణానిది కాదు, మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌ది. ఎన్ఐసీకి ఆ అధికారమిచ్చింది కేంద్రంలోని కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్, ఆ కంట్రోలర్ ముద్రని విండోస్ అప్పట్లో నమ్మేది. మర్నాడే ఎన్ఐసీ అధికారాన్ని రద్దు చేశారు. ఆ తర్వాత గూగుల్ తన క్రోమ్‌లో భారత కంట్రోలర్ మాట గవ్.ఇన్, ఎన్ఐసీ.ఇన్ వంటి కొద్ది అడ్రసులకే చెల్లుతుందని హద్దు గీసింది. దేశానికి దేశం ముద్ర పరువు అలా అయింది. అలాంటి సర్టిఫికెట్ చూపించిన పేజీ మీద కూడా తాళం బొమ్మ ముచ్చటగా, నిండుగా కనబడేదన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ముద్రల మాటొచ్చింది కాబట్టి డాంగిల్ గురించి ఒక్క ముక్క. ఆన్‌లైన్ టెండరు వేసే ప్రతి కాంట్రాక్టరుకీ డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్ తెలుసు. ఐటీ చట్టం 2000లోని 42వ సెక్షన్ చెప్పేదేమిటంటే, ప్రైవేట్ కీ ఎవరిదో వారే దాన్ని తమ అదుపులో ఉంచుకోవాలి, బయటపడకుండా చూసుకోవాలి. ఆ సెక్షన్‌ని మనవాళ్ళు చాలా శ్రద్ధగా పాటిస్తారు: డాంగిల్ నెట్ సెంటర్ సొరుగులో ఉంటుంది, డాంగిల్ మెడకి దారం ఉంటుంది, దారానికి చీటీ ఉంటుంది, చీటీ మీద పిన్ ఉంటుంది. చెక్కు పుస్తకం ఇంట్లో సొంత తమ్ముడికి ఇవ్వడానికి ఆలోచించే పెద్దమనిషి, తన సంతకాన్ని నెట్ సెంటర్ కుర్రాడి దగ్గర వదిలేసి, "నువ్వే చూసుకో తమ్ముడూ" అని టిఫినుకి పోతాడు.

ఇప్పుడు అసలు కథకొద్దాం. లక్షల మంది వివరాలు బయటపడ్డప్పుడు ఏ ఎన్‌క్రిప్షన్ ఎక్కడ పగిలిందో మన రాష్ట్రం ఉదాహరణలతోనే చూద్దాం. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మే నెలలో ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళు పరిశీలించి, 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు, సుమారు 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు బయటపడి ఉండవచ్చని అంచనా కట్టింది. ఆ నాలుగింట్లో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా ఒకటి, ఉపాధి హామీ చెల్లింపుల రోజువారీ నివేదికలు ఇంకోటి. మరుసటేడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కులం, మతం, బ్యాంకు వివరాలతో సహా కనబడ్డాయి. అదే ఏడాది జూన్‌లో అన్న సంజీవని మందుల షాపుల వంతు. ఎవరు ఏ మందు కొన్నారో ఫోన్ నంబరుతో సహా జనం చూడగలిగారు.

ఈ మూడు కథల్లోనూ హుడీ తొడుక్కుని చీకటి గదిలో కూర్చున్న హ్యాకర్ లేడు. రాత్రింబవళ్ళు శ్రమించి ఎన్‌క్రిప్షన్ ఛేదించిన గణిత మేధావీ లేడు. ఉన్నదల్లా లింకు. లింకు నొక్కితే పట్టిక. ఆ పట్టిక ఎన్‌క్రిప్షన్ దారిలో వచ్చినా, మామూలు దారిలో వచ్చినా చదివేవాడికి అందేది ఒకటే. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, ముఖ్యమంత్రుల ఫొటోలు మారాయి. వివరం బయటపడ్డప్పుడల్లా "మా సర్వర్లు పూర్తిగా సురక్షితం" అనే ప్రకటన మాత్రం పార్టీలకి అతీతంగా వెలువడుతూనే ఉంది.

తెలంగాణ ఇంకో మెట్టెక్కింది. 2018లో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల్లోంచి వేలిముద్రలు తీసి రబ్బరు ముద్రలు చేశాడని పోలీసులు పట్టుకున్నారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేం. తమ వేలిముద్ర దస్తావేజుతో పాటు వెబ్‌సైటుకి ఎక్కిందని తెలిసిన ఆసామికి 256 బిట్ల సంగతి చెప్పి ఓదార్చడం ఎలాగో బ్రోచర్ రాసినవాళ్ళే చెప్పాలి.

బోర్డుకీ అసలుకీ తేడా కొల్లేరు జనానికి ఇంకొకరు చెప్పాలా? 1999లో సరస్సుని ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల రక్షణకి ఉన్న రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు తెచ్చారు. బోర్డులు పాతారు, వాటి మీద కొంగల బొమ్మలు వేశారు. అభయారణ్యంలో చేపల చెరువుల గట్లు లేస్తూనే ఉన్నాయి. 2006లో వాటిని యంత్రాలతో తెగ్గొట్టాల్సి వచ్చింది. తెగ్గొట్టినచోట మళ్ళీ లేచాయి. గట్టు వేసినవాడికి బోర్డు అడ్డం రాలేదు, బోర్డు పాతినవాడికి గట్టు కనబడలేదు. ఆ తతంగం పాతికేళ్ళుగా కళ్ళారా చూస్తున్న మనం, వెబ్‌సైటు మీద ఇంకో బొమ్మ కనబడగానే భద్రత వచ్చేసిందనుకోవడం చిత్రం.

అయితే తాళమే దండగా అని తగువుకి రావద్దు. దారి సురక్షితంగా ఉండాల్సిందే. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న పనిముట్టు వచ్చినప్పుడు, ఒకే వైఫైలో పక్కనున్నవాడి ఫేస్‌బుక్ ఖాతాలోకి ఒక్క క్లిక్కుతో దూరిపోవచ్చని లోకం చూసింది. స్టేషనులో రైలు కోసం ఎదురుచూస్తూ వైఫైలో లాగిన్ అయ్యే విద్యార్థిని ఇవాళ ఆ బెడద నుంచి కాపాడుతున్నది ఎన్‌క్రిప్షనే. అది లేని సైటులో పాస్‌వర్డ్ కొట్టడం బుద్ధితక్కువ పని. నా అభ్యంతరం ఎక్కడంటే, ఉండితీరాల్సిన కనీసాన్ని గొప్ప వరంగా అమ్మడం దగ్గర. దారికి కాపలా పెట్టామని చెప్పి రెండు చివరలా చేతులు దులుపుకోవడం దగ్గర. పైగా దొంగలకీ సర్టిఫికెట్లు ఉచితమే. బ్యాంకు పేరుని ఒక్క అక్షరం తేడాతో రాసుకున్న దొంగ సైటు కూడా నిఖార్సయిన ఎన్‌క్రిప్షన్‌తోనే మీ పాస్‌వర్డ్ పట్టుకుపోతుంది. దారిలో ఇంకో దొంగ దాన్ని కాజేసే వీల్లేదు. ఆ పూచీ ఉంది.

ఈ భ్రమ ఎంత ముదిరిందో గూగుల్‌కే అర్థమైంది. తాళం బొమ్మకి సరైన అర్థం తెలిసినవాళ్ళు తమ అధ్యయనంలో 11 శాతమేనని 2021లో చెప్పింది. సైటు నమ్మదగ్గదని ఆ బొమ్మ హామీ ఇస్తోందనుకునేవాళ్ళు చాలామంది. అందుకని 2023 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ 117 నుంచి అడ్రసు పక్కన తాళం తీసేసి, సెట్టింగుల గుర్తు ఒకటి పెట్టింది. తాళం ఇంటిదగ్గరే తాళం తీసేశారు. ఏలూరులో పంచే బ్రోచర్లకి ఆ కబురు ఇంకా అందలేదు.

చట్టాలూ ఊరుకోలేదు. తన జాబితాలోని సైబర్ సంఘటన జరిగితే, గమనించిన 6 గంటల్లో తనకి చెప్పాలని, దేశంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. మనవాడు ఫోనెత్తడానికే ఆ ఆరు గంటలు సరిపోవు. వ్యక్తుల డేటాని కాపాడటానికి తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. ఆ జరిమానా పడేది ముందుగా మీ మీద, సాఫ్ట్‌వేర్ అమ్మినవాడి మీద కాదు. విచారణలో బ్రోచర్ చివరి పేజీ చూపిస్తే వదిలేస్తారన్న ఆశ ఉంటే ఇప్పుడే మానుకోవడం మంచిది.

కాబట్టి మిల్లు యజమానులారా, మేత డీలర్లారా, కాలేజీ కరస్పాండెంట్లుగారూ, ఈసారి డెమోకొచ్చిన కుర్రాణ్ణి కాఫీకి ముందే నాలుగు మాటలు అడగండి. ప్రైవేట్ కీ ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఎన్ని ఫోన్లలో ఉంది? సర్టిఫికెట్ గడువు తీరేముందు కొత్తది దానంతటదే వస్తుందా, బెంగళూరు నుంచి ఎవరైనా రావాలా? మీ యాప్ అవతలున్న సర్వర్ ఎవరిదో చూస్తుందా, ఎర్రర్‌తో పాటు దాన్నీ తీసేశారా? లాగిన్ కాకుండా ఏయే పేజీలు తెరుచుకుంటాయి?

అయిదో పరీక్షకి మాటలక్కర్లేదు, చూపుడువేలు చాలు. డెమోలో మీ బిల్లు తెరిచినప్పుడు అడ్రసు చివర 1041 అనో ఏదో ఒక అంకె ఉంటుంది. దాన్ని 1042 చేసి ఎంటర్ కొట్టమనండి. పక్క మిల్లువాడి బిల్లు ప్రత్యక్షమైతే గాభరా పడకండి. అది దారిలో ఎవరి కంటా పడకుండా, ఒక్క పైసా లెక్క చెదరకుండా మీ తెర మీదికి చేరింది. ఎన్‌క్రిప్షన్ తన పని లోపం లేకుండా చేసింది. మీ బిల్లుని పక్క మిల్లుకి కూడా అంతే శ్రద్ధగా చేరవేస్తూ ఉంటుంది.